గుర్రపు డబ్బాకు మద్దిచెక్క నేల

ఉద్యోగం ఇంకా మూడేళ్లు ఉందనగా, ఒక వేసవి చివర నన్ను గురజాల వైపు సహాయ సంచాలకురాలిగా వేశారు. మా పశువైద్య శాఖలో ఆ హోదా వచ్చిందంటే చేత్తో వైద్యం చేయడం తగ్గి, కాగితాల మీద సంతకాలు పెరుగుతాయి. నాకు అది గిట్టదు. అందుకే చేరిన వారంలోనే ఆసుపత్రి వెనక కంపచెట్లలో పడి ఉన్న గుర్రాల ట్రెయిలరు కంటపడితే వదిలిపెట్టబుద్ధి కాలేదు.

హైదరాబాదు దగ్గర గుర్రాలు పెంచిన ఆసామి ఎవరో, ఆ సరదా తీరాక మా శాఖకు దానమిచ్చాడట. జీపు వెనక తగిలించి లాక్కుపోయే పెద్ద పెట్టె అది. వెనక తలుపు కిందికి వాలిస్తే పశువు నడిచి ఎక్కొచ్చు. అందరూ దాన్ని గుర్రపు డబ్బా అనేవాళ్లు. ఆపరేషను అవసరమైన పశువులను నరసరావుపేట పెద్దాసుపత్రికి చేర్చే బండిగా దాన్ని మార్చాలని నేను పట్టుబట్టాను.

గోడలు, పైకప్పు బాగానే ఉన్నాయి. నేలే పాడైంది. అల్యూమినియం రేకును గుర్రాల మూత్రం ఏళ్ల తరబడి తినేసింది. వేలితో పొడిస్తే పొడిపొడిగా రాలింది.

కొత్త నేల దేనితో వేయాలన్నదాని మీద ఆసుపత్రి వరండాలో చాలా రోజులు పంచాయితీ నడిచింది. మా అటెండరు యేసురత్నం, జీపు తోలేది కూడా అతనే, నాపరాళ్లు పరుద్దామన్నాడు. వాళ్లింట్లో ఎండాకాలం కాళ్లకు చల్లగా ఉంటాయట. ఆ బరువుతో జీపు మన గేటు కూడా దాటదయ్యా అని నోరు మూయించాను. గళ్ల ఇనుపరేకు మీద పేడ పడితే గిట్ట జారుతుంది, మే నెలలో పెనంలా కాలుతుంది. ప్లైవుడ్డు తడిస్తే పొరలు లేస్తుంది. చివరికి లారీ బాడీలు కట్టే మస్తాన్ మాట విని మద్దిచెక్క పలకలు తెప్పించాను. అవిసె నూనె మూడుసార్లు పట్టించి, పైన మందపాటి రబ్బరు మ్యాటు వేయాలని నిర్ణయం.

ఒక్క చోట మస్తాన్‌కీ నాకూ కుదరలేదు. "పలకకీ పలకకీ మధ్య వేలు పట్టేంత సందు ఇడుద్దాం డాక్టరమ్మా. నీళ్లు పోవాల గదా" అన్నాడు. మా రోడ్ల దుమ్ము సంగతి నాకు తెలుసు. సందు వదిలితే ఆ దుమ్మంతా కిందినుంచి లేచి పశువు పుండ్ల మీద పడుతుందని నా వాదన. పలకలు దగ్గరగా బిగించి, మ్యాటును జిగురుతో అతికించి, అంచుల చుట్టూ రేకుపట్టీ కొట్టించాను. చుక్క నీరు లోపలికి పోదన్నాను. అతను తల గోక్కుని చెప్పినట్టే చేశాడు. ఆ నునుపు చూసుకుని మురిసినంత నా పెళ్లినాడు కూడా మురిసిపోలేదు.

ఒక సంగతి మాత్రం నేను లెక్కలోకి తీసుకోలేదు. మా వైపు పాడిపశువు ఎక్కే చోటును ఉత్తగా ఉంచరు. డబ్బా ఏ ఊరు వెళ్లినా ఎవరో ఒక ఆడమనిషి బిందెడు నీళ్లు తెచ్చి నేల కడిగేది, పసుపునీళ్లు చల్లేది, గడప దగ్గర బొట్టు పెట్టేది. ఆ తర్వాతే పశువును ఎక్కించేవాళ్లు. సాయంత్రం యేసురత్నం మళ్లీ రెండు బకెట్లతో కడిగేవాడు. తళతళలాడే ఆ నేలను చూసి నేను అతణ్ణి మెచ్చుకునేదాన్ని కూడా. అలా రెండు వానాకాలాలు గడిచాయి.

ఆ తర్వాతి చలికాలంలో ఒక తెల్లవారుజామున దుర్గి అవతలి ఊరి నుంచి నాగమ్మ అనే ఆవిడ ఫోను చేయించింది. ఆమె గేదె గౌరి ఈనలేకపోతోంది. ఆ ఇంటికి ఉన్న పాడి అదొక్కటే. వెళ్లి చెయ్యి పెట్టి చూస్తే దూడ తల వెనక్కి మడతపడి ఉంది, అప్పటికే ప్రాణం లేదు. ఎంత ప్రయత్నించినా తల సరికాలేదు. గేదెనైనా దక్కించుకోవాలంటే ఆపరేషను తప్పదు. నాగమ్మ ఏడవలేదు. బిందె తెచ్చి డబ్బా కడిగి, పసుపు చల్లి, గౌరిని ఎక్కించి, డబ్బా ముందు కిటికీలోంచి గేదె కనపడేలా జీపులో వెనక్కి తిరిగి కూర్చుంది.

ఆ పొద్దుటి ప్రయాణం ఇప్పటికీ కలలో జరిగినట్టే ఉంటుంది. మంచు దట్టంగా కమ్మింది. దుర్గిలో శిల్పాలు చెక్కేవాళ్ల ఉలి చప్పుడు ఎటునుంచో వినిపిస్తోంది, మనుషులు కనపడరు. రోడ్డుకు రెండు వైపులా కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపు మంచులోంచి మెల్లగా తేలి, మళ్లీ మాయమవుతోంది. జీపు నడుస్తోందో నిలబడి ఉందో తెలియనంత నిదానంగా పోతున్నాం. నాకు కునుకు పట్టింది.

"బండి ఆపు నాయనా. మా గౌరి కొమ్ములు కనపడటంలా" అంది నాగమ్మ.

దిగి చూశాం. గౌరి వెనక కుడికాలు మ్యాటును చీల్చుకుని, నేలలోంచి కిందికి దిగబడింది. గిట్ట రోడ్డుకు జానెడు ఎత్తున వేలాడుతోంది. మంచు లేకుండా జీపు వేగంగా పోయి ఉంటే ఆ కాలు నుజ్జయ్యేది. ఇప్పుడు గేదె బెదిరి గుంజుకున్నా ఎముక విరుగుతుంది. కాలు విరిగిన గేదెకు ఆపరేషను చేసి ప్రయోజనం లేదు.

నేను డబ్బా కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాను. చెక్క పేళ్లు గుచ్చుకోకుండా కాలికి నా శాలువా చుట్టి, రెండు చేతులతో గిట్టను పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. పైన యేసురత్నం కన్నం చుట్టూ చెక్క విరుస్తున్నాడు. రంపం అక్కర్లేకపోయింది, తడిసిన రొట్టెలా చేతికే ఊడివచ్చింది. కన్నంలోంచి కాస్త తెల్లటి వెలుతురు, పొద్దున చల్లిన పసుపునీళ్ల చుక్కలు నా ముఖం మీద పడుతున్నాయి. నాగమ్మ గేదె తల దగ్గర కూర్చుని, పాలు పితికేటప్పటి గొంతుతో ఒకే మాట అంటోంది. "ఏమే గౌరీ, కదలమాక. నేనుండా గదా, కదలమాక." గౌరి కదల్లేదు. ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను. ఆ గొంతు వింటూ నేనూ కదలడం మరిచిపోయాను.

కాలు పైకి వచ్చింది. చర్మం చీరుకుంది కానీ ఎముక నిలిచింది. గేదెను మెల్లగా దించితే రోడ్డు వార వాలులో, వెనకభాగం ఎత్తుగా పడుకుంది. ఆ వాలుకు దూడ లోపలికి జారి నా చేతికి చోటు దొరికింది. తల సరిచేసి చనిపోయిన దూడను అక్కడే లాగేశాం. ఆపరేషను అవసరం లేకపోయింది. గౌరి బతికింది, కాస్త కుంటుతూ.

మధ్యాహ్నం మ్యాటు మొత్తం లేపించాను. కింద మద్దిచెక్క నల్లగా కుళ్లి ఉంది. స్క్రూల చుట్టూ పసుపు గీతలు లోతుగా దిగి ఉన్నాయి. నీరు లోపలికి పోకుండా చేశాననుకున్నాను. స్క్రూల వెంట లోపలికి దిగిన నీరు బయటికి పోకుండా చేశాను.

పై ఆఫీసు సంజాయిషీ అడిగింది. నీళ్లు అతిగా పోయడం వల్ల పాడైందని మొదట రాశాను. మళ్లీ చదువుకుంటే సిగ్గేసింది. చించేసి, వడ్రంగి హెచ్చరించినా వినకుండా ఈ నేల వేయించినది నేనేనని రాసి సంతకం పెట్టాను.

మస్తాన్ ఈసారి సందులు వదిలాడు. పలకల మధ్య వేలు పెట్టి నా ముఖం చూశాడు, అంతే. దుమ్ముకు చక్రాల మీద రబ్బరు తెరలు కట్టాం. మ్యాటును అతికించకుండా రెండు ముక్కలుగా పరిచాం. ప్రతి శనివారం వాటిని లేపి ఎండకు ఆరేయడం, స్క్రూడ్రైవరుతో పలకలన్నీ పొడిచి చూడడం, మెత్తబడినదాన్ని వెంటనే మార్చడం యేసురత్నం పని. కడగడం మానమని ఎవరికీ చెప్పలేదు.

గౌరి పుండుకు కట్టు మార్చడానికి కొత్త నేలతోనే ఆ ఊరు వెళ్లాం. నాగమ్మ బిందెతో ఎదురొచ్చింది. నేల మీద నీళ్లు కుమ్మరించి, పసుపు చల్లకముందే కొంగు దోపుకుని డబ్బా కిందికి వంగి చూసింది.

"నీళ్లు పోతన్నయ్యి డాక్టరమ్మా" అంది.

నేల వేసేటప్పుడు పైన నిలబడేదాని బరువు ఒక్కటే చూస్తే చాలదు. వాడేవాళ్లు దాని మీద ఏం పోస్తారో, అది ఎటు పోతుందో కూడా చూడాలి. అందుకు నేనూ ముందే కిందికి వంగి చూసి ఉండాల్సింది.