రెప్ప మీద సున్నం

మా కుక్క కుడికంటి రెప్ప అంచున మినపగింజంత కాయ లేచింది. అది కంటికి రాసుకుని రోజూ పుసి కట్టేది. బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్లేముందు గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో తుడిచేదాన్ని. శనివారం గుంటూరు బ్రాడీపేటలో పశువుల డాక్టరుగారి చేత తీయిద్దామనుకున్నాను.

శుక్రవారం ఇంటికొచ్చేసరికి కుక్క మంచం కింద మూలుగుతోంది. కన్ను తెరవడం లేదు. రెప్పంతా సున్నం.

"పులిపిరే కదమ్మా, సున్నం పెడితే రాలిపోద్ది. నా మెడ మీదది అట్లాగే పోయింది," అన్నారు మా బావగారు, వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తూ. ఆ కారం చేతులతోనే పెట్టారు.

పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన ముందు నేను గొంతు పెంచలేదు. "ముందు మీ కంట్లో పెట్టుకోండి," అని అరిచాను.

"కుక్క కోసం నన్నంటావా?"

"అంటానండి."

బిందెడు నీళ్లతో కన్ను కడిగి, దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో గుంటూరు వెళ్లాను. డాక్టరుగారు మళ్లీ కడిగి, మందులిచ్చి, పుండు మానాక కాయ తీసేశారు. కన్ను దక్కింది గానీ నల్లగుడ్డు మీద తెల్లమచ్చ ఉండిపోయింది.

ఎవరైనా అడిగితే అది పుట్టుకతోనే ఉందంటారు బావగారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది.