అమ్మ తంగేడు గట్టు

లక్డారం దాటితే, కంకర మిషన్ల వెనక ఒక రాళ్ల గట్టు ఉండేది. ఏ పంటకూ పనికిరాని ఆ నేలలో తంగేడు దానంతటదే పెరిగేది. మేకలు కూడా దాని ఆకు ముట్టవు. అమ్మ మాత్రం ఏడాదంతా అక్కడికి పోయేది. పళ్లు తోమే పుల్లకు, నాయనమ్మ షుగరుకు ఎండబెట్టి మరిగించే పువ్వుకు.

తంగేడు పూలు పేర్చే సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే నన్నూ తీసుకుపోయేది. "కొమ్మ విరవకు. చెట్టుకు కొన్ని పువ్వులు ఉంచు, కాయ పడాలె" అనేది. మేం వచ్చేసరికి వాడకట్టు ఆడవాళ్లంతా తాంబాలాలతో మా గడప ముందు ఉండేవాళ్లు. మిగతా రోజుల్లో అమ్మను "ఏమే" అనే పటేలింటి కోడలు ఆ పొద్దు "వదినా, మాకు జెర ఎక్కువెయ్యి" అనేది.

"అంత నీకే ఇస్తే నేనేం పేర్వాలె, గడ్డిపోచలా?" అనేది అమ్మ. అందరూ నవ్వేవాళ్లు. పటేలింటామెతో అమ్మ అట్లా మాట్లాడేది ఆ ఒక్కరోజే.

పటాన్‌చెరులో మందుల కంపెనీ ప్యాకింగులో చేరి రెండేళ్లయినా నేను లంచ్‌లో పుస్తకం పట్టుకుని ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. పండుగకు ముందు ఒకరోజు, బీరంగూడలో తంగేడు దొరకడం లేదని తోటివాళ్లు అనుకుంటుంటే నోరు జారాను. "మా దిక్కు గట్టు నిండ ఉన్నది."

"అరె, దీనికి నోరున్నదే!" అంది ఒకామె. "యాడ బంగారం, చెప్పు." టిఫిన్ డబ్బాలు జరిపి నాకు చోటిచ్చారు. దారి కాగితం మీద గీసి మరీ ఇచ్చాను. ఆ రోజు డైరీలో సంతోషంగా ఒక పేజీ రాసుకున్నాను.

పండుగ పొద్దున గట్టు మీద మోళ్లే ఉన్నాయి. మట్టిలో ట్రాలీ ఆటో టైర్ల అచ్చులు.

"ఈ జాగ ఎవరికి ఎరుకనే?" అంది అమ్మ. పాత ఎండుకాయలు నాలుగు ఏరుకుని కొంగులో కట్టుకుంది.

వాడకట్టులోకి వచ్చేసరికి ఆ ఆటో మా సందులోనే ఉంది. మొగుడు ఆటో దగ్గర నిలబడితే, నా దగ్గర దారి గీయించుకున్న ప్యాకింగు ఆమె కొమ్మలకు కొమ్మలు అమ్ముతోంది. నన్ను చూసి చెయ్యూపింది. "బంగారం! మీ గట్టు మస్తున్నదే!"

అమ్మ నా వైపు తిరిగి చూసింది. పటేలింటి కోడలు కట్ట చంకన పెట్టుకుని, "లేటైంది కదనే, మేం తీస్కున్నం" అంది.

తర్వాత ఆ మోళ్లు కూడా కంకర దుమ్ము కుప్పల కింద పూడిపోయాయి.

వానలకు ఆ ఎండుకాయల గింజలు పెయింటు బకెట్లో వేశాను. ఒక్కటీ మొలవలేదు. "గట్లేస్తే మొలుస్తదా? పొట్టు గట్టిది. రాయికి రుద్దు" అంది అమ్మ, నా మొహం చూడకుండానే. రుద్ది వేస్తే రెండు మొలిచాయి. రెండేళ్లకు, మొన్న ఒకటి పూసింది.

పటేలింటి కోడలు గోడ మీంచి చూసింది. "వదినా, తంగేడు పెంచినవా! ఈసారి మాకిస్తవా?"

"ఆటో వస్తది, సూడమ్మా" అంది అమ్మ.

ఆమె వెళ్లాక బకెట్‌ను ఇంటి వెనక్కి ఈడ్చింది. "ఇది గూడ ఎవరికన్న చెప్పినవా?"

"లేదమ్మా" అన్నాను.

గోనెపట్ట తెచ్చి చెట్టుకు అడ్డంగా కట్టింది.