గంతల మేష్టారూ, వెండి కేబులూ

ఎవరైనా ఏదైనా గొప్ప చెప్పారంటే చాలు, మేష్టారు వాళ్ళ కళ్ళకు గంతలు కట్టేసేవారు. లోకంలో ఎవరైనా గంతలు కట్టేది మోసం చెయ్యడానికి. ఈయన కట్టేది మోసం పట్టుకోవడానికి. సైన్సు పాఠాల నుంచి రిటైరయ్యారు గానీ, భుజం మీది తువ్వాలుకు మాత్రం రిటైర్మెంటు లేదు.

"మా కాఫీ పొడి వాసనే వేరు సార్" అన్న పాపానికి కొట్టువాడికి కట్టారు. "ఈ కొత్త సబ్బుతో చొక్కాలు ఎంత మెత్తగా ఉన్నాయో" అన్నందుకు కట్టుకున్న భార్యకూ కట్టారు. ఆవిడ రెండు చొక్కాలూ తడిమి తడిమి పాత సబ్బుతో ఉతికినదాన్నే మెచ్చుకుంది. ఆ వారమంతా ఆయన చొక్కాలు ఆయనే ఉతుక్కున్నారు.

ఆవిడ అన్నయ్య పక్క వాటాలోనే ఉంటాడు. పాటల పిచ్చి. ఆయనా మేష్టారూ ఒకరినొకరు 'బావా' అనే పిలుచుకుంటారు. ఈమధ్య అన్నయ్యకు పాట మసకగా వినిపించడం మొదలైంది. పాటల పెట్టె అమ్మిన షాపువాణ్ణి అడిగితే స్పీకర్ల కేబుల్ మార్చమన్నాడు. మార్చాడు. ప్లగ్గు మార్చమన్నాడు. అదీ అయింది. స్పీకర్ల కిందికి చెక్క దిమ్మలు అంటగట్టాడు. ఆఖరికి వెండి కేబుల్ దిగింది. దాని డబ్బా మీద 'స్వరానికి ప్రాణం పోస్తుంది' అని అచ్చేశారు.

మేష్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవడు చూశాడయ్యా పొయ్యడం? మందుబిళ్ళ అమ్మేవాడు రుజువు చూపించాలి. త్రాసు అమ్మేవాడు ముద్ర వేయించాలి. తీగముక్క అమ్మేవాడికి మాత్రం నోరుంటే సరిపోతుందా? పాతదీ ఇదీ రెండూ ఒకటే బావా."

"అవును బావా, బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు అన్నయ్య.

మేష్టారు తువ్వాలు దులిపారు. ఆవిడ గుండెల్లో రాయి పడింది. అన్నయ్య అసలే రోషగాడు. కిందటిసారి గంతల పందెంలో ఓడి పండక్కి కూడా గడప తొక్కలేదు. "ఉన్నది ఒక్క అన్నయ్య. వదిలెయ్యండి" అని బతిమాలింది. విననే లేదు మహానుభావుడు.

గంతలు కట్టి, పాట పెట్టి, "వెండిది అనిపిస్తే చెప్పు" అన్నారు. అన్నయ్య తొడ మీద తాళం వేస్తూ తలాడిస్తున్నాడు. కేబుల్ మార్చడానికి మేష్టారు పెట్టె ఆపేశారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అన్నయ్య తాళం మాత్రం ఆగలేదు.

"ఆహా. ఇదే వెండిది" అన్నాడు.

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇక ఈయన ఎగిరి గంతేస్తారని కళ్ళు మూసుకుంది. మేష్టారు మెల్లగా గంతలు విప్పి, అన్నయ్య చెవి దగ్గరగా, "నువ్వే గెలిచావు బావా. వెండిదే" అన్నారు. కాపురానికొచ్చాక ఆయన నోట ఆవిడ విన్న మొదటి అబద్ధం అది.

ఆ వెంటనే చెప్పులేసుకుని షాపుకు బయల్దేరారు. ఏం గొడవ తెస్తారోనని ఆవిడా వెంటపడింది.

"ఇది కొలతలకు అందదు సార్, మనసు పెట్టి వినాలి" అన్నాడు షాపువాడు, అద్దాల గదిలో నవ్వుతూ.

"మనసు సంగతి తరవాత, చెవి సంగతి చెప్పావా? మసకగా వినిపిస్తోందని మనిషి నీ దగ్గరికొచ్చాడు. ఓసారి చెవి డాక్టరుకు చూపించుకోండి అని ఒక్క మాట అన్నావా? తీగ మీద తీగ అంటగట్టి ఇన్నాళ్ళు కూర్చోబెట్టావు. అది ఏం చేస్తుందో నిరూపించలేనివాళ్ళు ప్రాణం పోస్తుందని ఎలా రాస్తారు?"

"అది కంపెనీవాళ్ళు రాశారు సార్."

"అయితే తువ్వాలు చాలదు. వాళ్ళకు దుప్పటి కావాలి. ముందు నువ్వు కూర్చో."

షాపువాడు కూర్చోలేదు. లోపలెక్కడో పనుందని వెళ్ళి, వీళ్ళు మెట్లు దిగేదాకా బయటికి రాలేదు.

మర్నాడు మేష్టారు పక్క వాటా తలుపు తట్టి, "నా చెవులు పరీక్ష చేయించుకోవాలి, తోడు రా బావా" అని కేకేశారు. ఆయన చెవులకేం, వంటింట్లో మూత తీసినా వినిపిస్తుంది. డాక్టరు దగ్గర ముందు తాను కూర్చున్నారు. "వచ్చావు కదా, నువ్వూ ఓసారి కూర్చో" అన్నారు.

కొన్నాళ్ళకు అన్నయ్య చెవిలోకి చిన్న మిషను వచ్చింది.

ఆవిడ వంటింట్లో తనలో తను, "ఈయన గరిటె ఎక్కడ పడేశారో" అని గొణుక్కుంది.

"ఇక్కడ స్టూలు మీదుందమ్మా" అన్నాడు, పాటల పెట్టె, కేబుళ్ళతో సహా ముందుగదిలో దిగిన అన్నయ్య.

ఆవిడ గరిటె సంగతే మర్చిపోయి, నవ్వుకుంటూ గుమ్మంలోకొచ్చి నిలబడింది. అన్నయ్య అప్పటికే మేష్టారి భుజం మీది తువ్వాలు లాగి తన కళ్ళకు తనే కట్టుకున్నాడు. ఒక కేబుల్‌తో విన్నాడు, రెండోదానితో విన్నాడు. మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని విన్నాడు. గంతలు లాగి పారేశాడు.

"రెండూ ఒకటే. వాడి వెండి తీగ వాడి మొహాన కొట్టాలి. ఇంత తెలిసినవాడివి, ఈ ముక్క నాకు ముందే చెప్పొచ్చుగా బావా?"

"చెప్పాను బావా. నీకు వినపడలేదు."