పక్క మంచం పిల్లోడు

గిద్దలూరు బజారులో మా దుకాణం ముందు భాగంలో ఉండేది, కాపురం వెనక భాగంలో. మధ్యలో ఉప్పు బస్తాలే గోడ. ఆయన అక్కడ పప్పు తూస్తూ దగ్గితే వంటింట్లో నాకు వినపడేది. నేను ఇక్కడ గిన్నె కింద పడేస్తే అక్కడి నుంచి "ఏందే అది?" అనేవాడు. అలాంటి కొంపలో మేం ఒక సంగతిని గుట్టుగా దాచాం. మా పెద్దవాడు మిలిటరీలో చేరిన సంగతి. దొంగతనం చేసి జైలుకు పోయిన కొడుకును దాచినట్టు దాచాం. ముసలిదాన్నయ్యాను కదా, ఇప్పుడు తల్చుకుని నవ్వుకోవచ్చు కదా అంటారు మా పిల్లలు. నాకు నవ్వు రాదు. సిగ్గే వస్తుంది.

చైనా యుద్ధం ముగిసిన కొత్తలో జరిగిన మాట ఇది. అప్పటికి మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. హైస్కూలు మైదానంలో మిలిటరీవాళ్ళు దిగి పిల్లల ఎత్తూ ఛాతీ కొలుస్తున్నారని దండోరా వేశారు. పల్లెల నుంచి రైతుల పిల్లలు, గొర్రెల కాపర్ల పిల్లలు వచ్చి బారులు తీరారు. మావాడు తమాషా చూడ్డానికని వెళ్ళాడు. చూసి ఊరుకోక తనూ చొక్కా విప్పి బారులో నిలబడ్డాడు. సాయంత్రం వచ్చి "నన్ను తీసుకున్నారు నాయనా" అని చెప్పాడు.

మా ఆయన కొట్టలేదు, తిట్టలేదు. చేతిలో తక్కెడ కింద పెట్టాడు. "తక్కెడ పట్టాల్సిన చెయ్యిరా అది. ఆడ ఏం తింటావు? గుడ్డు కూడా గడప దాటని ఇల్లు మనది" అన్నాడు. వాడు తల వంచుకునే నిలబడ్డాడు గానీ పోనని మాత్రం అనలేదు. చివరికి ఆయన అన్న మాట వేరే. "సెట్టి కొడుకు పటాలంలో జేరినాడంటే జనం ఏమనుకుంటారు? దుకాణం మునిగింది, కూటికి లేక పంపినాడు అనుకుంటారు. రేపు మనకు సరుకు ఎవరిస్తారు? పో, పోతానంటే పో. ఇంటికి జాబు మాత్రం రాయొద్దు. పోస్టుమ్యాను బజారంతా చూపించుకుంటా తెస్తాడు."

వాడు బయల్దేరే రోజు బొట్టు పెట్టి హారతి ఇద్దామనుకున్నాను. ఇరుగుపొరుగు చూస్తారని ఆయన వద్దన్నాడు. చేతిసంచి ఒకటి పట్టుకుని, సంతకు పోయినవాడిలా పోయాడు నా కొడుకు. నేను వంటింటి గడప దగ్గరే ఉండిపోయాను. వీధి వాకిలి దాకా పోవడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

పెద్దవాడు ఏడీ అని అడిగిన వాళ్ళకు మా ఆయన ఒకటే మాట చెప్పాడు. "చెన్నపట్నంలో మా బావమరిది దుకాణంలో పెట్టినా. పని నేర్చుకుంటాండు." నా తమ్ముడికి అక్కడ దుకాణం ఉన్న మాట నిజమే. అందుకే అందరూ నమ్మారు, నమ్మి మా ప్రాణం తీశారు. పక్కింటావిడకు మావాడి చేత ఎవర్‌సిల్వర్ గ్లాసులు తెప్పించాలట. ఇవాళ వస్తాయా రేపు వస్తాయా అని ఆమె పీకుతుంటే, ఆయన విజయవాడ పోయినప్పుడు తనే కొని, మావాడు పంపాడని ఇచ్చాడు. ఆమె ఆ గ్లాసులు నా ముందే తళతళా తోముకుంటూ "ఎంతైనా చెన్నపట్నం సరుకు చెన్నపట్నం సరుకే వదినా" అనేది. నేను మింగలేక కక్కలేక "ఔను వదినా" అనేదాన్ని. అడుసు తొక్కడం ఆయన వంతు, కాలు కడుక్కోవడం నా వంతు.

కొమరోలు వైపు పల్లె నుంచి సంతరోజు నెయ్యి తెచ్చి మాకు పోసే మనిషి ఒకామె ఉండేది. గొర్రెలూ బర్రెలూ ఉన్న కుటుంబం. మనిషి ఎంత పొడుగో నోరు అంత పెద్దది. ఒక సంతరోజు దుకాణం నిండా జనం ఉండగా ఆమె గొంతు నాకు లోపలికి వినపడింది.

"మా పిల్లోడు మిలిట్రీలో జేరినాడు సెట్టీ. ఇంగ నువ్వు నెయ్యికి రేటు పెంచల్ల."

"నీ పిల్లోడు మిలిట్రీలో జేరితే నెయ్యి రేటెందుకు పెరగల్లమ్మా?" అన్నాడు మా ఆయన.

"సిపాయి తల్లి చేతి నెయ్యి గదా."

దుకాణమంతా నవ్వింది. ఎవరో "పెంచు సెట్టీ, పెంచు" అన్నారు. ఇంకెవరో ఆ పిల్లాడి ఎత్తు ఎంత, ఎక్కడ వేశారు అని అడుగుతుంటే ఆమె పొంగిపోతూ చెబుతోంది. మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు విని నాకు కడుపు మండిపోయింది. అదే మాట చెప్పుకునే హక్కు మాకూ ఉంది కదా. అడవిలో గొర్రెలు కాచే ఇంటికి గొప్పయినది మాకెలా తప్పయిందో నాకు అర్థం కాలేదు.

తర్వాత ఆమె ఎప్పటిలాగే దొడ్డివైపు వంటింటి గుమ్మానికి వచ్చి కింది మెట్టు మీద కూర్చుంది. ఆ రోజుల్లో వాళ్ళను అంతకంటే పైకి రానిచ్చేవాళ్ళం కాదు. నేను గిన్నె పట్టుకుని పై మెట్టు మీద కూర్చున్నాను.

"మావాడు నీలగిరి కొండల్లో ఉండాడక్కా. చలంట. బూట్లు కరిసి కాళ్లు బొబ్బలెక్కినయంట, ఇప్పుడు మానినయంట. వాని పక్క మంచం పిల్లోడొగడు ఉండాడంట. పాపం, మాంసం ముట్టడంట."

"మరి ఏం తింటాడంట?" అన్నాను.

"మాంసం తిననోళ్లకు పాలు ఎక్కువ పోస్తారంట. పప్పు, రొట్టె పెడతారంట. మొదట్ల రొట్టె గొంతు దిగలేదంట. ఇప్పుడు దిగుతాందంట."

"ఎవరి పిల్లోడో."

ఆమె నా మొహం వైపు చూడలేదు. చెంబులోంచి నెయ్యి సన్నగా వంపుతూ, "ఎవరి పిల్లోడైతే ఏందిలే అక్కా. తిన్నాడా లేదా, అంతే గదా" అంది.

అప్పటి నుంచి నాకు వారమంటే సంతరోజే. ఆమె ముందు తన కొడుకు కబురు రెండు ముక్కల్లో చెప్పేది. పక్క మంచం పిల్లోడి కబురు మాత్రం తీరిగ్గా చెప్పేది. పరుగులో వెనకబడ్డాడంట, తర్వాత పుంజుకున్నాడంట. లెక్కలు బాగా వచ్చని స్టోరు పనికి పిలుస్తున్నారంట. తల గొరిగితే చెవులు పెద్దవిగా కనిపిస్తున్నాయని అందరూ ఏడిపిస్తున్నారంట. మావాడి చెవులు పెద్దవే. నేను చీర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వాను, ఏడ్చాను. ఆమె బర్రెల సంగతి మొదలుపెట్టింది.

ఆమెకు ఈ బాధ కొత్త కాదు. భర్త జర్మనీ యుద్ధానికి పోయి వచ్చినవాడు. కాబట్టి నాకు బుద్ధులు కూడా చెప్పేది, పక్క మంచం పిల్లోడి తల్లి పేరు మీద. "ఆయమ్మకు ఎవరన్నా చెప్పల్ల అక్కా. జాబు రాలేదంటే చెడ్డదనుకోగూడదు. చెడ్డదైతే తంతి వస్తాది. తంతి రాలేదంటే పిల్లోడు బాగుండాడనే." ఇంకోసారి అంది: "జాబులో ఏడ్చిన మాట రాపియ్యగూడదు. ఆడ వాళ్లకు ఏడ్చేదానికి సందు దొరకదు. వాన పడింది, బర్రె ఈనింది, అట్లాటివి రాపియ్యల్ల. వానికి ఇష్టమైంది వండుకోని కంచం ముందర ఏడవగూడదు. వండి ఎవరికన్నా పెట్టల్ల." నేను అవన్నీ ఎవరికో చెప్పే మాటల్లా విన్నాను. వండినవి ఆమె కొంగులోనే పోశాను.

ఒకరోజు "జాబు రాపిస్తాండానక్కా. ఆ పక్క మంచం పిల్లోనికి ఏమన్నా రాపియ్యల్లనా?" అని అడిగింది.

"దుకాణం బాగా నడుస్తాందని రాపియ్యి" అనేశాను.

అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను. వాళ్ళది దుకాణమని ఆమె ఎప్పుడూ అనలేదు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. అయినా నవ్వలేదు, నొచ్చుకోలేదు. "సరే అక్కా" అని లేచింది. కంది పొడీ నువ్వుండలూ మూట కట్టి "మీవాడికి పంపించు" అని ఇచ్చాను. మీవాడికి. కన్న కొడుక్కి తినడానికి పంపుతూ ఇంకొకరి కొడుకు పేరు చెప్పాను.

ఆ తర్వాత ఆమె రావడం మానేసింది. ఒక సంత పోయింది, ఇంకోటి పోయింది. తంతి రాలేదు కదా, బాగానే ఉన్నాడని నాకు నేనే చెప్పుకున్నాను. తంతి మాత్రం ఎలా వస్తుంది, ఇంటికి ఏదీ పంపొద్దన్నాం కదా అని మళ్ళీ నేనే గుండె బాదుకున్నాను. ఆ రోజుల్లో మా ఆయనకూ అన్నం సహించలేదు. అజీర్తి అన్నాడు. శొంఠి కషాయం పెట్టి ఇచ్చాను.

చివరికి ఒక సంతరోజు ఆమె వచ్చింది. ఉత్త చేతులతో వచ్చింది. "ఆ పిల్లోనికి జ్వరమొచ్చి ఆస్పత్రిలో పడుకోబెట్టినారక్కా. మావాడు రాసినాడు. తగ్గిందని మళ్లా రాసేదాక నేను రాలేదు. వస్తే నువ్వు అడుగుతావు. నాకు అబద్ధం చెప్పేది రాదు" అంది.

ఆమె నన్ను ఎత్తిపొడవాలని అనలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. తల్లీతండ్రీ ఇద్దరం కలిసి పొద్దున లేచింది మొదలు ఊరికి అబద్ధాలు చెబుతుంటే, ఆమె నాకు ఒక్కటి చెప్పాల్సి వస్తుందని తన నెయ్యి బేరమే మానుకుంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. కాసేపటికి కిందికి దిగి ఆమె మెట్టు మీదే, ఆమె పక్కన కూర్చున్నాను.

శిక్షణ అయిపోయాక సెలవిచ్చారు. పిల్లలిద్దరూ వస్తున్నారని ఆమె చెప్పింది. రాత్రి అన్నం పెడుతూ మా ఆయనతో "పెద్దోడు వస్తాండంట" అన్నాను. ఆయన మజ్జిగ పోయమన్నాడు.

సంతరోజు, దుకాణం కిటకిటలాడే వేళ వచ్చాడు నా కొడుకు. తెల్లటి పంచె, పొడుగు చేతుల చొక్కా, తలకు రుమాలు, చంకలో గొడుగు. యూనిఫారమూ ట్రంకూ నెయ్యి పోసే ఆమె ఇంట్లో దించేసి, అక్కడే బట్టలు మార్చుకుని వచ్చాడు. మేం ఊరికి ఏం చెప్పుకుంటున్నామో ఆమె కొడుకు ద్వారా వాడికి తెలుసు. తండ్రి మాట నిలబెట్టాలని సిద్ధమై వచ్చాడు. చెన్నపట్నం ఎండలకు ఇంత నల్లబడ్డావా అని పక్కింటావిడ అడిగితే "గోడౌను పని గదా అత్తా" అన్నాడు. అక్కడ మిరపకాయల ధర ఎంత అని ఎవరో అడిగితే తడుముకోకుండా చెప్పాడు. ఇంత చక్కగా అబద్ధమాడటం నా బిడ్డకు మిలిటరీ నేర్పలేదు.

అంతలో నెయ్యి చెంబుతో ఆమె వచ్చింది, వెనకే యూనిఫారంలో ఆమె కొడుకు. జనమంతా వాడి చుట్టూ మూగారు. ముసలివాళ్ళు భుజం తట్టారు. మావాడు గొడుగు పట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. వాళ్ళిద్దరూ కొండల చలిలో పక్కపక్కన పడుకున్న పిల్లలు. మావాడికి జ్వరం వస్తే తడిగుడ్డ వేసింది ఆ పిల్లాడేనని నాకు తర్వాత తెలిసింది.

"ఏ ఊరు తమ్ముడూ మీది?" అని మావాడు వాణ్ణి అడిగాడు.

"కొమరోలు పక్కనన్నా" అన్నాడు ఆ పిల్లాడు, ఎన్నడూ చూడని మనిషితో మాట్లాడినట్టు.

మా ఆయన చేతిలో తక్కెడ ఎంతసేపటికీ కుదురుగా నిలవలేదు. ఇప్పుడైనా చెబుతాడని బస్తాల సందులోంచి చూస్తూనే ఉన్నాను. ఆయన రాళ్ళు మార్చి మళ్ళీ తూశాడు. ఆ సెలవంతా మావాడు గల్లాపెట్టె దగ్గర కూర్చుని బెల్లం అమ్మాడు, నేను వండింది తిన్నాడు, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

తిరిగి పోయేటప్పుడు గిద్దలూరులో రైలెక్కితే అందరూ చూస్తారని పిల్లలిద్దరూ కంభం స్టేషనుకు పోయారు. నేను కంభంలో మా పిన్నమ్మ ఇంట్లో పేరంటముందని చెప్పి బయల్దేరాను. ప్లాట్‌ఫారం మీద నా కొడుకును మొదటిసారి మిలిటరీ బట్టల్లో చూశాను. ఇంట్లో ఎప్పుడూ అంత నిటారుగా నిలబడలేదు వాడు. ఆమె హారతి పళ్ళెంతో సహా వచ్చింది. వాళ్ళ ఊరివాళ్ళు కొందరు వచ్చారు. అందులో ఒక ముసలామె నన్ను చూసి "ఈయమ్మెవరు?" అని అడిగింది.

"పక్క మంచం పిల్లోని అమ్మ" అని చెప్పి ఆమె పళ్ళెం నా చేతికి ఇచ్చింది. "పెట్టక్కా, రైలొస్తాంది."

వాడి నుదుటన కుంకుమ పెట్టాను. ఆమె చెప్పినట్టే ఏడవలేదు. రైలు పోయాక ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ఇంటికి వచ్చేసరికి దుకాణంలో పక్కింటావిడ, ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. నేను పక్కగా లోపలికి పోతుంటే మా ఆయన తక్కెడ మీంచి తల ఎత్తకుండా, గొంతు తగ్గించి అడిగాడు.

"పక్క మంచం పిల్లోడు రైలెక్కినాడా?"

ఆ మాట నేను ఆయన దగ్గర ఎప్పుడూ అనలేదు. ఇన్ని సంతరోజులూ ఉప్పు బస్తాల ఇవతల కూర్చుని, బొబ్బలూ పాలూ జ్వరమూ అన్నీ విన్నాడన్నమాట. మన పిల్లోడు ఎక్కినాడు, నా చేత్తో బొట్టు పెట్టించుకుని ఎక్కినాడు అని బజారంతా వినపడేలా చెప్పాలని నోటిదాకా వచ్చింది. పక్కింటావిడ మా ఇద్దరి వంకా చూస్తోంది. కుంకుమ అంటిన వేలు చెంగులో దాచుకున్నాను.

"ఎక్కినాడంట. ఎవరో చెప్పినారు" అన్నాను.