కుప్పమ్మ కాపాడిన పిల్లాడు

మా బడిలో పిల్లలు కరస్పాండెంటు గారికన్నా ఆయా కుప్పమ్మకే ఎక్కువ భయపడతారు. నేనూ భయపడతాను. తిరుచానూరు దారిలోని ఈ ప్రైవేటు బడిలో పద్దెనిమిదేళ్ళుగా నేను తెలుగు చెబుతున్నాను, ఆమె పిల్లల ముక్కులు తుడుస్తోంది. ఎవరి చదువు పిల్లలకు బాగా అంటుకుందో మాత్రం నన్నడగొద్దు. ఎల్‌కేజీ పిల్లాడు నిక్కరు తడుపుకుంటే గుట్టుగా వెనక్కి తీసుకెళ్ళి, కడిగి, వేరే నిక్కరు తొడిగి, టీచరుకు తెలియకుండా బెంచీ మీద కూర్చోబెట్టేస్తుంది. అదేమంటే, "పసిబిడ్డ పరువు గూడా పరువే గదమ్మా" అంటుంది.

నిరుడు ఊళ్ళో గంజాయి గొడవ ముదిరింది. మా కరస్పాండెంటు గారికి ఒక ఆలోచన తట్టింది. నెలకోసారి చీటీలు తీయడం, పేరు వచ్చిన పిల్లలకు అప్పటికప్పుడు మూత్ర పరీక్ష చేయించడం. దొరికితే అదే రోజు టీసీ. మీటింగులో తల్లిదండ్రులందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. దొరికినవాడు ఆ టీసీ పట్టుకుని ఎక్కడికి పోతాడని ఒక్కరమూ అడగలేదు. చదువుకున్న మా తెలివి అలా ఏడ్చింది.

పేర్లు రాసిన డబ్బాలు మరుగుదొడ్డి దగ్గర పిల్లలకు అందించి, తిరిగి తీసుకుని ల్యాబు మనిషికి ఇచ్చే పని కుప్పమ్మకు పడింది. ఈ జనవరిలో పదో తరగతి నరేంద్ర పేరు వచ్చింది. భర్త పోయాక తిరుచానూరులో పూలమ్ముతూ చదివించుకుంటున్న సుజనకు వాడొక్కడే కొడుకు. డబ్బా ఇస్తే వాడు లోపలికి పోకుండా కుప్పమ్మ కొంగు పట్టుకున్నాడు.

"ఆయమ్మా, మొన్న గంజాయి తాగినా. దొరికిపోతా. టీసీ ఇచ్చేస్తే మాయమ్మ సచ్చిపోతాది."

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"ఒక్కసారే. తిరుచానూరమ్మ మీద ఒట్టు."

మీసాలొచ్చినా ఆమె కంటికి వాడింకా ఎల్‌కేజీ పిల్లాడే. డబ్బా లాక్కుని ఆడపిల్లల వైపు పోయి, తనే నింపి తెచ్చి ల్యాబు మనిషికి ఇచ్చేసింది.

ఏ మత్తూ లేదని కాగితం వచ్చింది, దాన్ని సుజన చేతికిచ్చారు. కరస్పాండెంటు గారు 'మత్తు లేని బడి' అని గేటుకు ఫ్లెక్సీ కట్టించారు, తన ఫోటో పెద్దదిగా వేయించుకుని.

నరేంద్ర మానలేదు. పదో తరగతి ఎలాగో గట్టెక్కాడు. వేసవిలో తనలో తాను మాట్లాడుకోవడం మొదలుపెట్టాడు. అన్నంలో విషం కలిపావని కంచం తల్లి మీదికి విసిరాడు. గంజాయేమో అన్నవాళ్ళకు సుజన ఆ కాగితం చూపించి నోళ్ళు మూయించింది. గాలి సోకిందనుకుని ఆరు నెలలు పూతలపట్టు దగ్గర ఒక మంత్రగాడి చుట్టూ తిప్పింది. చివరికి వాడు ఆమె గొంతు పట్టుకున్న రోజు పక్కింటివాళ్ళు బలవంతాన ఆసుపత్రిలో చేర్పించారు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం నేనూ కుప్పమ్మా వరండాలో అన్నం తింటుంటే సుజన వచ్చింది. చేతిలో అదే కాగితం.

"కుప్పక్కా, నువ్వు ఆస్పత్రికి రావల్ల. నా బిడ్డ రెండేండ్లుగా గంజాయి తాగతా ఉండాడంటాది ఆ డాక్టరమ్మ. కాయితం చూపిస్తే నమ్మదు. ఆ పొద్దు ఆడ ఉన్నది నువ్వే గదా, వచ్చి సెప్పు. నమ్మకపోతే ఆ మాత్రలు నాకొద్దు, ఈ పొద్దే బిడ్డను పిలుచుకుపోతా. మంత్రమేసే ఆయన అమాసకు రమ్మన్నాడు."

"వెళ్ళిరా కుప్పమ్మా, ఆఫీసులో నేను చెబుతాలే" అన్నాను, ఏమీ తెలియక.

కుప్పమ్మ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది.

"బిడ్డను ఇంటికి తేవద్దు సుజనా. ఆ డాక్టరమ్మ సెప్పిందే నిజం."

"నువ్వు గూడా అట్లంటావేందక్కా? కాయితం ఉండాదే!"

"ఆ డబ్బాలో పోసింది వాడు కాదు, నేను. ఏడిసినాడు. ఒక్కసారే అన్నాడు. సదువు పోతాదని..."

ఆ రోజు మీటింగులో ఎత్తిన నా చేయి విరగ్గొట్టుకోవాలనిపించింది.

సుజన తిడుతుందని, జుట్టు పట్టుకుంటుందని అనుకున్నాను. ఆమె మెల్లగా గోడకు చేరగిలి కూలబడింది.

"ఆర్నెల్లక్కా" అంది. "గాలి వదల్తాదని వేపమండల్తో కొట్టించినా. వాతలు పెట్టించినా. 'అమ్మా, నేను నరేంద్రనేమా, నన్ను కొట్టొద్దని సెప్పుమా' అని వాడు మొత్తుకుంటా ఉంటే, అది గూడా దయ్యమే మాట్లాడతా ఉండాదనుకుంటినక్కా."