మామ మగ్గం మీది చివరి పడుగు

దయ్యాలు, గాలి, ధూళి అంటే నాకు చిన్నప్పటి సంది నమ్మకం లేదు. సోలాపూర్ భవాని పేట్‌ల దయ్యం పట్టి ఊగినోళ్లను మస్తుమందిని చూసిన. సగం మందికి పట్టింది ఆకలి, మిగిలినోళ్లకు పట్టింది అత్త. కడుపునిండ తిండి పెట్టి నాలుగు రోజులు తల్లిగారింటికి పంపిస్తే ఏ దయ్యమైన దిగుతదని మొఖం మీదనే అనేదాన్ని. అందుకే ఈ ముచ్చట ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలే. చెప్తే నా మాట నాకే తిప్పికొడతరు.

ఇప్పుడు చెప్పేటందుకు కారణం ఉన్నది. మా మామ పోయిన ఈడు దాటి నేను చాన ముందుకొచ్చిన. ఆయనకు అయింది ఏందో అప్పుడు నాకు సమజ్ కాలే. ఇప్పుడు సగం అయితున్నది. ఆ సగమే నిద్ర పట్టనిస్తలేదు.

నేను ఆ ఇంటికి కోడలుగ వచ్చింది నిజాం రాజ్యం పోయినంక కొన్నేండ్లకు. మావోళ్లు కరీంనగర్ దిక్కు నుంచి ఎప్పుడో బతకొచ్చిన పద్మశాలీలు. ఇల్లంటే ఒక్కటే ఖోలి. సగం జాగల గుంత మగ్గం, మిగిలిన సగంల పొయ్యి, మంచం, మనుషులం. మామ ఆ మగ్గం మీద లుగడెలు నేసేటోడు, మరాఠీ ఆడోళ్లు కట్టే తొమ్మిది గజాల చీరలు. మా ఆయన మిల్లుల పనికి పోతుండె. అత్త నూలు కండెలు చుట్టేది. నేను బీడీలు చేసేదాన్ని. పొద్దున కార్ఖానాకు పోయి, చేసిన బీడీలు అప్పజెప్పి, ఆకు, తంబాకు తెచ్చుకునుడు నా పని.

మామకు చావంటే భయం లేదని పేటంత చెప్పుకునేది. ఎవరింట్ల ఎవరు పోయినా పాడె కట్టేటందుకు ఆయననే పిలిచేటోళ్లు. బీడీ ముట్టించుకొని, ముడులేసుకుంట, "అందరం పోయేటోళ్లమే, నిన్న వాడు, నేడు వీడు" అని నవ్వేటోడు. ఇంటికొచ్చి నీళ్లు పోసుకొని కడుపునిండ తినేటోడు. నాకప్పుడు ఇరవై కూడ నిండలే. పాత చెప్పు కాలికి అలవాటయినట్టు ముసలోళ్లకు చావు అలవాటయితదేమో అనుకున్న. ఎంత పిచ్చిదాన్ని.

ఒక ఎండకాలం మామకు లక్వ కొట్టింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి. మాట మెల్లగ తిరిగొచ్చింది గాని చెయ్యి రాలే. డాక్టరు మా ఆయనను బయటికి పిలిచి, ఇంకొక్కసారి కొడితే ఆగడని చెప్పిండు. బయట అంటే ఏముంది, గడప అవతల. మంచంల పడుకున్న మనిషి అంతా విన్నడు.

ఆ రోజు సంది ఆయన వేరే మనిషి. గల్లీల చావు డప్పు వినబడితే తలుపు మూయమనేటోడు. తన ఈడోడు ఎవడన్న పోయిండని తెలిస్తే, "వానికి దమ్ము రోగముండె, నాకు లేదు గద" అని తనకు తనే చెప్పుకునేటోడు. ఊరందరికీ పాడె కట్టిన మనిషి, పక్కింట్ల వెదురు కర్ర కనిపిస్తే మొఖం గోడ దిక్కు తిప్పుకునేటోడు.

అత్తది ఇంకో తీరు. పసుపు కుంకుమతోని మొగని కంటె ముందు పోవాలె, అదొక్కటే ఆమె ఆశ. "నన్ను సాగనంపినంక నీ ఇష్టమున్నప్పుడు రా" అని ఆయన మీదనే గులిగేది. ఆమెకు కావాల్సింది కూడ ఆయన బతుకుడే. వాళ్లిద్దరి నడుమ నేను వంట చేసుకుంట, బీడీలు చుట్టుకుంట ఉన్న.

నేసేటోళ్ల ఇండ్లల్ల మగ్గాన్ని ఖాళీగ ఉంచరు. ఉన్న పడుగు, అంటే మగ్గానికి పొడుగూత కట్టిన పోగులు, అయిపోవస్తుంటే, దాని పోగుల కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటి మెలిపెట్టి అతుకుతరు. వేళ్లకు బూడిద రాసుకొని చేసే పని. మా ఇంట్ల ఆడోళ్లు మగ్గం మీద కూసునే రివాజు లేదు గాని అతికేది మాత్రం ఆడోళ్లే. మామకు వాళ్ల నాయన చెప్పిన మాటొకటి ఉండె: మగ్గం మీద పడుగుండంగ నేసేటోడు పోడు. బాగున్నన్ని రోజులు ఆ మాటకు నవ్వేటోడు. మంచం పట్టినంక దాన్నే పట్టుకున్నడు.

ఆయన పడిపోయిన నాడు మగ్గం మీద పడుగు ఇంక కొంత మిగిలి ఉండె. "దాన్ని ఎవరినీ ముట్టనియ్యకు బిడ్డా. అది అట్లనే ఉంటే నేనిట్లనే ఉంట" అని నా చెయ్యి పట్టుకొని అన్నడు. సరే మామా అన్న. ముసలాయనకు ధైర్యమన్న ఉంటది, పోయేదేముంది అనుకున్న.

బట్ట పెరుగుతున్నదని ముందు చూసింది నేనే. నేత ఆగిన చోట ఒక పోగు తెగి వేలాడుతుండె. రోజూ మగ్గం కింద ఊడ్చేదాన్ని కాబట్టి అది నా కండ్లల్ల ఉండిపోయింది. ఒకనాడు కార్ఖానా నుంచి వచ్చి చూస్తే ఆ తెగిన పోగు లేదు. నేసిన బట్టల కలిసిపోయింది. దాని మీద జానెడు కొత్త నేత ఉంది. అంటే మిగిలిన పడుగు జానెడు తరిగింది.

మా ఆయన మీద అనుమానమొచ్చింది. మిల్లు నుంచి వచ్చి నిలబడి అన్నం తినలేని మనిషి ఆయన. "నాకు మగ్గమెక్కే ఓపిక ఏడిది" అన్నడు. నిజమే. నేను కార్ఖానాకు, అత్త నల్లా కాడికి పోయిన ఆ జరంతసేపే ఇంట్ల మామ ఒక్కడుంటడు. తలుపుకు బయట గొళ్లెం పెట్టి పోతం. ఎదురింటామె గడపల కూసోని చేట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేస్తనే ఉంటది. ఈగ కూడ పోలేదన్నది ఆమె.

నేత కొస కాడ ఒక ఎర్రదారం కట్టి పోయిన. వచ్చేసరికి ఎర్రదారం బట్టల కలిసింది. అడ్డం పోగు తోలే నాడెల నిండు కండె పెట్టి, ఆ నాడెను జొన్నల డబ్బల దాచి పోయిన. వచ్చి చూస్తే డబ్బ మూత మూసినట్టే ఉంది. నాడె జొన్నల్లనే ఉంది. కండె మాత్రం ఖాళీ. బట్ట ఇంకో జానెడు పెరిగింది.

ఇంట్ల మనిషి ఉన్నంతసేపు ఒక్క పోగు కదలకపోయేది. మరి ఇంట్లనే కూసోవచ్చు గద అంటరు. కూసున్నం. ఎన్ని రోజులు కూసుంటం? నేను పోకుంటే నా ఆకు ఇంకొకరి చేటలకు పోతది. నీళ్లు తేకుంటే పొయ్యి ముట్టదు. గరీబోళ్ల ఇంట్ల చావుకు కాపలా కూసునే తీరిక కూడ ఉండదు.

అప్పుడు అత్తకు చూపించిన. మామ నేతకు ఒక గుర్తుండె. ఎడమ దిక్కు అంచు కొద్దిగ లోపలికి గుంజినట్టు వచ్చేది. బట్ట కొనే షావుకారు దాన్ని చూసే ఇది ఎవరి బట్టో చెప్పేటోడు. అత్త ఆ కొత్త నేత మీద చెయ్యి పెట్టి, అంచు పొడుగూత తడిమింది. "ఆయన నేతనే" అన్నది. భయపడలే. అక్కడనే కూలబడి కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్చింది. ఆమె ఏడ్వంగ చూసుడు నాకు అదే మొదలు.

మామను అడగొద్దనుకున్న గాని అడిగిన. మేము లేనప్పుడు ఎవరన్న వస్తున్నరా మామా అని. ఆయన మగ్గం దిక్కు మొఖం తిప్పిండు. "ఎవరొస్తరు? మీరు పోంగనే నాకు కన్నంటుకుంటది. కలల మగ్గం మీద కూసుంట. ఆపుదామంటే చెయ్యి ఆగుతలేదు బిడ్డా" అన్నడు. అని చిన్న పిల్లగాని లెక్క ఏడ్చిండు. ఆ సాయంత్రం ఆయన పడిపోయిన చెయ్యి కడుగుతుంటే వేళ్ల సందులల్ల దూది పోగులు కనబడ్డయి. నేసేటోళ్ల ఇంట్ల దూది ఎగరని చోటు ఏడుంటది, దాన్ని నేను సాక్ష్యం అనను. కనబడ్డది మాత్రం నిజం.

అతుకుదాం అని అత్తనే అన్నది. పాత పడుగు ఇంక మూరెడు మిగిలి ఉండంగనే కొత్త పడుగు తెప్పించినం. పొద్దున కూసుంటే దీపం పెట్టే యాల్ల దాకా ఇద్దరం అతికినం. నడుములు పోయినయి, బూడిదతోని వేళ్లు పగిలినయి. మామ మంచంల నుంచి ఒక్కొక్క పోగు చూసుకుంట, "గట్టిగ మెలిపెట్టుండ్రి, గట్టిగ" అనుకుంట ఉన్నడు. దయ్యాలు లేవని పేటంత చాటిన నేను, ఆ నాడు ఒక్కొక్క పోగుకు దేవుణ్ని తలుసుకుంట అతికిన. ఎందుకంటే అప్పటికి నాకు ఆ ముసలాయన బతకాలని ఉండె. వేరే ఏమీ లేదు.

అయిపోయినంక మామ నవ్విండు. ఎన్ని రోజులకో నవ్విండు. అన్నం మళ్ల పెట్టించుకున్నడు. తలుపు తెరిచి పెట్టమన్నడు. "ఇగ చాన ఉన్నది, రంది లేదు" అన్నడు. మాకూ రంది పోయింది. అంత పొడుగు పడుగు ఉన్నంక జానెడు జానెడు పెరిగితే మాత్రం ఏమైతది అనుకున్నం.

తెల్లారి నేను కార్ఖానాకు పోయిన, అత్త నీళ్లకు పోయింది. నేను వచ్చేసరికి అత్త బిందె గడపల దించి గొళ్లెం తీస్తున్నది. ఇద్దరం ఒక్కసారే లోపలికి పోయినం. మామ పోయిండు. కండ్లు తెరిచే ఉన్నయి. మొఖం మగ్గం దిక్కు ఉంది. ఒళ్లు ఇంక వెచ్చగనే ఉండె.

ఏడ్పు మొదలు పెట్టక ముందు అత్త మగ్గం కాడికి పోయింది. నేనూ పోయిన. ఆ మిగిలిన మూరెడు మొత్తం నేసి ఉంది. ఎడమ అంచు లోపలికి గుంజి ఉంది. సరిగ మేము అతికిన అతుకుల వరుస కాడ నేత ఆగింది. ఆవలి కొత్త పడుగుల ఒక్క పేక పోగు కూడ పడలే. మేము రోజంత కూసోని అతికింది ఆయనకు లెక్కలకే రాలే.

మా ఆయన తర్వాత చాన కారణాలు చెప్పిండు. అత్తనే నేసిందన్నడు. ఆమె జన్మల మగ్గం గుంతల కాలు పెట్టలే. రందితోని నువ్వే నేసి మర్చిపోయినవన్నడు. మర్చిపోయి చేసేటందుకు నేతేమన్న రొట్టెనా? కొత్త పడుగును వేరేటోళ్లకు ఇచ్చేసిన్రు. గుంత పూడిపిచ్చిన్రు. అత్త, ముందు పోవాలనుకున్నామె, ఇంక చాన ఏండ్లు ఉత్త నొసలుతోని బతికింది. ఆ గుంత పూడ్చిన జాగలనే పడుకునేది.

నేను ఎంత ఆలోచించినా నాకు దొరికింది ఇంతే. మామ నోరు బతుకుత అన్నది. ఆయన చెయ్యి వేరే మాట అన్నది. ఏది మామ మాటనో నాకు తెల్వదు. ఎవరు నేసిన్రో కూడ తెల్వదు. తెలిసిందని చెప్పేటోళ్లను నేను నమ్మ.

ఇప్పుడు బీడీ కార్మికుల కాలనీ, విడీ ఘర్కుల్‌ల కొడుకు ఇంట్ల ఉంటున్న. ఎవరన్న వచ్చి ఎట్లున్నవ్ అవ్వా అంటే, ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవుడే అంట. అందరు మెచ్చుకుంటరు, అవ్వకు భయం లేదంటరు. మొన్న దమ్ము ఆడక లేచి కూసున్న. కోడలు ఉరికొచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకొని విడువలే. "ఏం కావాలె అత్తా, ఏం తేవాలె?" అని ఒక్కతీరుగ అడుగుతున్నది. మామకు అతుకుమని అడిగేటందుకు పడుగన్న ఉండె. నాకు ఏం తెమ్మనాల్నో తెల్వక ఆ పిల్ల చెయ్యినే ఇంక గట్టిగ పట్టుకున్న.