మగ్గానికి కట్టిన స్టైల్

1988 వేసవి. అనంతపురం పాతూరులో ఒక ఇరుకు గదిలో మా ఆర్కెస్ట్రా ఉండేది. పెళ్లిళ్లకు, జాతరలకు పాటలు వాయించే ఆ బృందంలో నాది కీబోర్డు. నిజం చెప్పాలంటే వాయించడం కంటే స్టైల్స్ పోగేయడం మీదే నాకు మోజు. స్టైల్ అంటే కీబోర్డు తనంతట తాను వాయించే తాళమూ దాని వెనక సందడీను. ఎడమ చేత్తో మూడు మీటలు కలిపి ఒక కార్డ్ పట్టుకుంటే చాలు, నలుగురు మనుషులు వెనక కూర్చుని వాయిస్తున్నట్టే ఉంటుంది. కంపెనీవాళ్లు అందులో పెట్టి పంపినవన్నీ విదేశీ డాన్సులకు పనికొచ్చేవి. పండరి భజనకో, గంగమ్మ జాతరకో కావాలంటే మనమే కట్టుకోవాలి.

కట్టినదాన్ని మామూలు కేసెట్‌లోకి దింపి దాచుకునేవాణ్ణి. ఆ కేసెట్‌ను టేప్‌రికార్డర్‌లో వేస్తే పాట రాదు, కీబోర్డుకు మాత్రమే అర్థమయ్యే గుర్తులు చెవులు చిల్లులు పడేలా కీచుమంటాయి. మా ఆవిడకు ఆ చప్పుడంటే ఒళ్లు మంట. అయినా నా రేకు పెట్టెలో భజన, ఊరేగింపు, జాతర, జోల అని అట్టముక్కలతో అరలు కట్టి కేసెట్లు పేర్చుకున్నాను. ఎవరే తాళం అడిగినా కళ్లు మూసుకుని తీసి ఇచ్చేవాణ్ణి. అది చూసి నాకు నేనే మురిసిపోయేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ధర్మవరం నుంచి వెంకటేశు అనే నేతపని చేసేవాడు వచ్చాడు.

"అన్నా, నీ దగ్గర లేని తాళం లేదంటారు. మగ్గం తాళం ఉండాదా?"

"మగ్గానికి తాళమేందప్పా!" అని నవ్వాను. అతను నవ్వలేదు.

"మాయమ్మ పోయి మూన్నెల్లయ్యింది. చీర సగంలో నిలబడిపోయింది. నాయన దాన్ని నేయడు, కోయనీడు. మగ్గమున్న గదిలోకే పోడు. అన్నం గూడా సరింగా తినడంల్యా. ఇట్లే ఉంటే మనిషి దక్కడన్నా."

అతని తల్లి ఓబుళమ్మ. తండ్రి నారాయణప్ప. వాళ్లు నేసేది కుట్టు అంచు చీర. చీర ఒక రంగు, అంచు ఇంకో రంగు. నేతలోనే రెంటినీ కలుపుకుంటూ పోవాలి కాబట్టి మగ్గం మీద ఇద్దరుండాలి. అడ్డపోగును అటూ ఇటూ మోసుకెళ్లే పడవలాంటి చెక్కే నాడె. ఒకరు చీర నాడె నడిపితే, పక్కన కూర్చున్నవారు అంచు నాడె విసరాలి. పెళ్లయిన నాటి నుంచి నారాయణప్ప పక్కన ఆ నాడె ఓబుళమ్మదే. ఆమె పోయాక కోడలు రత్నమ్మ ఒకసారి ఆ చోట కూర్చుంది. నాలుగు పోగులు పడగానే ముసలాయన "కుదరదు" అని లేచిపోయాడట, మళ్లీ ఆ గది గడప తొక్కలేదట.

"అమ్మ ఉన్నప్పటి సప్పుడు ఇనపడితే, నాయన కాళ్లు వాటంతట అవే ఆడతాయేమోనని మా ఆశ" అన్నాడు వెంకటేశు.

ఇది జరిగే పని కాదనిపించింది. కానీ నా పెట్టెలో లేని తాళం ఒకటుందంటే నాకు నిద్ర పట్టదు. కీబోర్డును దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కాను.

ఆ ఏడు మా వైపు చినుకు లేదు. దారి పొడుగునా వేరుశనగ చేలు బోసిగా, ఎండమావుల్లో నీళ్లలా మెరుస్తూ కదులుతున్నాయి. ధర్మవరంలో వాళ్ల వీధి మలుపు తిరగగానే ఎక్కడో వాన మొదలైనట్టు వినిపించింది. తలెత్తి చూశాను కూడా. మబ్బు లేదు. ఇంటింటా ఆడుతున్న మగ్గాల చప్పుడది. ఆ చప్పుడులో నడుస్తుంటే మెలకువలో ఉన్నానో లేదో తెలియని హాయి కమ్మింది. వెంకటేశు ఇంటి ముందు మాత్రం ఆ వాన ఆగిపోయింది.

నారాయణప్ప అరుగు మీద గోడకానుకుని ఉన్నాడు. నన్నూ దుప్పటి మూటనూ మార్చి మార్చి చూశాడు.

"పాటలోళ్లకు మగ్గంతో ఏం పనప్పా?"

ఆయన పక్కన కూర్చుని, నాకు తోచినట్టు అరుగు మీద మగ్గం దరువు కొట్టాను. ఆయన కాసేపు ఓర్చుకున్నాడు. "అట్ల నేస్తే చీర కాదు, గోనెసంచి అయితాది" అని తానే వేళ్లతో కొట్టి చూపించాడు. గడప దగ్గర నిలబడ్డ రత్నమ్మ, అత్త నాడె పడే చోట తలుపు మీద గోటితో కొట్టింది. ఇద్దరి దెబ్బలూ వింటూ, అవి పడ్డప్పుడల్లా మీటలు నొక్కి కీబోర్డులోకి ఎక్కించాను.

ఆ కీబోర్డుకు ఒక గుణముంది. మనం కొట్టిన దెబ్బ కాస్త అటూ ఇటూ పడితే దాన్ని లెక్క ప్రకారం సర్దేస్తుంది. దీన్ని క్వాంటైజ్ అంటారు. అది లేకుండా నేనెప్పుడూ స్టైల్ కట్టలేదు. మీట నొక్కి ఠీవిగా వినిపించాను.

నారాయణప్ప చివరిదాకా విన్నాడు. "బాగుండాదప్పా. ఇందులో ఆమె లేదు" అన్నాడు.

రత్నమ్మే విడమరిచింది. "అత్త నాడె ఇసిరే ముందర పట్టుపోగును వేలితో ఒగసారి తడిమి సూసుకుంటాండె సార్. అందుకే ఆమెది ఒగ రవ్వ ఆలస్యం. మామ ఆగుతాండె."

ఆ ఆలస్యాన్నే నా కీబోర్డు తప్పనుకుని దిద్దేసింది. క్వాంటైజ్ ఆపేశాను. రత్నమ్మ ఈసారి కొంగు అంచును వేలితో తడిమి, ఆ తర్వాతే గోటితో కొట్టింది. ఆ వేలినే చూస్తూ మళ్లీ ఎక్కించాను.

వినిపించగానే ముసలాయన లేచాడు. లోపలికి వెళ్లి, కాళ్లు ఆడించే మగ్గం గుంతలోకి దిగాడు. నేను కీబోర్డును ఆ గది గడప దగ్గరికి జరుపుకున్నాను. చెయ్యి తాడు లాగింది, కాళ్లు తొక్కాయి, చీర నాడె పరుగెత్తింది. కీబోర్డులో ఓబుళమ్మ దెబ్బ పడింది. ఆయన ఆగి, పక్కనున్న ఖాళీ పీట వైపు చూశాడు.

"సప్పుడు వచ్చింది గానీ నాడె రాలేదు" అన్నాడు. ఆ గొంతు విని నాకు దుఃఖం ఆగలేదు. వచ్చి అన్యాయం చేశాననిపించింది.

ఆ పీట మీది దుమ్మును అరచేత్తో తుడిచాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "ఆ దెబ్బ తీసేయప్పా. ఆ చోటు మాత్రం అట్లే ఉండనీ." కోడలి వైపు తిరిగి, "రామ్మా, కూసో" అన్నాడు.

ఆ ఒక్క దెబ్బ చెరిపి, దాని చోటు ఖాళీగా ఉంచాను. రత్నమ్మ పీట మీద కూర్చుంది. మొదట తొందరపడింది. ఆయన మందలించలేదు, ఆగాడు. ఆమె వేలితో పోగు తడిమి విసిరింది. మళ్లీ తడిమి మళ్లీ విసిరింది. నేను కీబోర్డు వాల్యూమ్ కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోయి, చివరికి పూర్తిగా ఆపేశాను. ఆపిన సంగతి వాళ్లిద్దరికీ తెలియనే లేదు. వెంకటేశు గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటున్నాడు. వీధిలో వాన ఆ ఇంట్లోకి కూడా వచ్చింది.

ఆ కేసెట్ నా పెట్టెలో ఏ అరలోనూ ఇమడలేదు, దానికొక అర వేరే కట్టాను. అప్పటి నుంచి నేను కట్టిన ప్రతి స్టైల్‌లో ఎక్కడో ఒక చోటు ఖాళీగా వదిలేస్తున్నాను. పక్కన డోలు వాయించేవాడికో, భజన చెక్కలు పట్టుకున్నవాడికో అది పనికొస్తుంది. అన్నీ నింపేసిన స్టైల్‌లో మనిషి కూర్చోవడానికి పీట ఉండదు.

చీర పూర్తయిందని కబురొస్తే చూడటానికి వెళ్లాను. నారాయణప్ప ఒళ్లు చేశాడు. చీరను మంచం మీద పరిచి, ఓబుళమ్మ చెయ్యి ఆగిన చోటు కనుక్కోమన్నాడు. అంచు పొడుగునా కళ్లు చికిలించి వెతికాను. నాకు తేడా తెలియలేదు. ఆయన చీర వైపు చూడను కూడా చూడలేదు. వేలితో అంచును తడుముకుంటూ పోయి, ఒకచోట ఆపి, "ఈడ" అన్నాడు.